కొండమీది కేంద్రానికి ప్లైవుడ్ దారి

మున్సిపాలిటీలో కొత్తగా చేరి ఫిర్యాదుల సీట్లో కూర్చోబోతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీ కంప్యూటర్లో ఒక ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. దాని పక్కన ‘పరిష్కారమైంది’ అని ఉంటుంది. ఎవరి కష్టం తీరిందో అది చెప్పదు. ఆ గుర్తు తలుచుకుంటే నాకు ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది. డాక్టరు బీపీ మాత్ర పెంచాడు గానీ, మంట తగ్గలేదు.

నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ని. పాత పుస్తకాల దుకాణంలో దుమ్ము దులిపే పని చేస్తూ, దులిపిందల్లా చదివాను. తర్వాత ప్రైవేటుగా పరీక్షలు రాసి, అటెండరుగా చేరి, చివరి ఏళ్లకు ఈ ఫిర్యాదుల కౌంటరుకు చేరాను. మా ఆఫీసు కిందికి అటు జూబ్లీహిల్స్ బంగళాలూ వచ్చేవి, ఇటు ఫిల్మ్ నగర్ బస్తీలూ వచ్చేవి. బంగళాల ఫిర్యాదులు ఫోన్లో వస్తాయి. పక్కింటి వేపాకు మా ఈతకొలనులో రాలుతోందని ఒకరు ఫోన్ చేయిస్తే, ఆ మధ్యాహ్నానికే నిచ్చెన, రంపం, నలుగురు మనుషులు బయల్దేరారు. బస్తీ ఫిర్యాదులు కాళ్లతో నడిచి వస్తాయి. చెప్పులు గుమ్మం బయట విడిచి వస్తాయి. విడవద్దమ్మా అన్నా వినరు.

అలా వచ్చిన వాళ్లలో ఒకామె సినిమా వాళ్ల దుస్తులు ఉతికి ఇస్త్రీ చేసే చోట పనిచేసేది. ఆమె ఒక్కతే కాదు, కూతుర్ని కూడా తెచ్చేది. ఆ పిల్లకు పుట్టినప్పటి నుంచీ కాళ్లు స్వాధీనంలో లేవు. చేతులు బాగా ఆడతాయి, నోరు అంతకన్నా బాగా ఆడుతుంది. ఏదో శిబిరంలో ఇచ్చిన చక్రాల కుర్చీలో కూర్చుని నా కౌంటరును తేరిపార చూసి మొదటిరోజే అడిగింది.

"తాతా, నీ కుర్చీకి గూడ చక్రాలున్నయి గదా. మరి నువ్వెందుకు కదులుతలేవు?"

తల్లి ఆ పిల్ల నెత్తి మీద ఒక్కటి మొట్టింది. "పెద్దమనిషితోని గట్లనే మాట్లాడుతరా?" నేను నవ్వాను. ఆ ఆఫీసులో నన్ను అంత సూటిగా ప్రశ్న అడిగిన వాళ్లు లేరు.

ఫిర్యాదు చిన్నదే. నడవలేని పిల్లల కోసం మా ఆఫీసు వాళ్లే బస్తీలో ఒక కేంద్రం తెరిచారు. పొద్దున ఒకావిడ వచ్చి కాళ్లకూ చేతులకూ వ్యాయామం చేయిస్తుంది, తర్వాత ఒక టీచరమ్మ చదువు చెబుతుంది. మంచి పనే. కాకపోతే ఆ కేంద్రాన్ని పెట్టింది ఖాళీగా ఉన్న కమ్యూనిటీ హాల్లో. ఆ హాలున్నది పెద్ద బండరాయి మీద. ఎక్కడానికి మెట్లు తప్ప మరో దారి లేదు. ‘దివ్యాంగ బాలల సేవా కేంద్రం’ అని బోర్డు రాయించి పైన కట్టాం. ఆ బోర్డు మాత్రం రోడ్డు మీదికి దివ్యంగా కనిపించేది. తల్లులు కుర్చీలు కింద వదిలి, పిల్లల్ని చంకన వేసుకుని ఎక్కేవాళ్లు.

"రెండేండ్లు మోసిన సారూ," అందామె. "పిల్ల పెరుగుతుంది, నా నడుము పెరుగుతలేదు. జర ఒక ర్యాంపు కట్టియ్యుండ్రి. మేం వేరే ఏం అడుగుతలేం."

రాసుకున్నాను. పంపాను. కొన్నాళ్లకు ఆమె ఫోనుకు సమస్య పరిష్కారమైందని మెసేజి పోయింది. ఆమె ఆశగా హాలు దగ్గరికి పోయి చూసి, నేరుగా నా దగ్గరికి వచ్చింది. ఫోను నా ముందు పెట్టి, "ఏడుంది సారూ ర్యాంపు? నాకైతే కనవడలే. నీకు కనవడితే చూపియ్యి," అంది. విచారిస్తే తేలిందేమిటంటే, మా ఇంజనీరింగు వాళ్లు అది వికలాంగుల సంక్షేమం వాళ్ల పని అని అటు పంపారు. పంపగానే మా దగ్గర ఆకుపచ్చ గుర్తు పడింది. ఆ శాఖవాళ్లు భవనం మున్సిపాలిటీది గనుక మాకు సంబంధం లేదని తిప్పి పంపారు. అక్కడా ఆకుపచ్చ గుర్తు పడింది. రెండు ఆఫీసుల్లో రెండుసార్లు పరిష్కారమైన ర్యాంపు ఆమెకు ఒక్కసారీ దొరకలేదు.

మళ్లీ రాశాను. ఈసారి ఇంజనీరు దగ్గరికి నేనే వెళ్లాను. కుర్రవాడు, మంచివాడు. హాలు దగ్గరికి వచ్చి కొలిచి, తల గోక్కుని, "అంకుల్, స్ట్రెయిట్‌గా వేస్తే చాలా స్టీప్ అయితది. మలుపులు తిప్పాలె. రాయి కొంచెం కొట్టాలె. రాక్ కటింగ్ అంటే మళ్లీ పర్మిషన్లు. ఎస్టిమేట్ పెడత, పక్కా," అన్నాడు. పెట్టాడు కూడా. అది బల్ల మారుతూ పైకి ఎక్కడం మొదలుపెట్టింది. ఆ తల్లి కూడా మెట్లెక్కుతూనే ఉంది.

ఇంతలో పెద్ద ఆఫీసు నుంచి ఒక మేడమ్ ఇలాంటి కేంద్రాలన్నీ చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. ఆ వారంలోనే. మా పెద్ద సారు హడలిపోయాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మర్యాదస్తుడు, భయస్తుడు. నా కౌంటరు ముందే అటూ ఇటూ తిరుగుతూ ఇంజనీరుతో అంటున్నాడు.

"మెట్ల మీద కేంద్రం పెట్టారేంటని అడిగితే ఏం చెప్పాలండీ? పోనీ మూడు రోజుల్లో సిమెంటు ఆరుద్దా?"

"ఆరదు సార్."

"ఏంటండీ బాబూ, ఇది ఫిల్మ్ నగర్. ఇక్కడ వారంలో రాజమహల్ లేపుతారు. మనం ఓ ర్యాంపు లేపలేమా?"

ఫిర్యాదు కబురు కనుక్కుందామని వచ్చి అక్కడే కూర్చున్న ఆ తల్లి చటుక్కున లేచింది. "సారూ, మా ఆయన సెట్టింగు పనే చేస్తడు. మొన్ననే పెద్ద కోట కట్టిండు. ఏనుగు బొమ్మలు గూడ ఆయనవే."

సారు ముఖం వెలిగిపోయింది. "దేవతలా వచ్చావమ్మా! ఆయన్ని పంపించు. మేడమ్ వెళ్లగానే దాన్ని తీసేసి సిమెంటుది మొదలుపెడతాం. నా మాట నమ్ము."

నాకు ఆగలేదు. "సార్, ఉన్న సంగతి మేడమ్‌కే చెబితే అక్కడికక్కడ మంజూరు చేస్తారు గదా. ఆవిడ వచ్చేది చూడటానికే గదా."

"పెద్దాయనా, మీరు మీ కౌంటర్ చూసుకోండి కాస్త," అన్నాడు సారు. ఇంజనీరు తల వంచుకున్నాడు. ఆ తల్లి మాత్రం ఎవరి ముఖమూ చూడకుండా ఫోన్లో మొగుడికి సంబరంగా చెబుతోంది.

అతను మర్నాడు పొద్దున్నే దిగాడు. సన్నగా, చెవి వెనుక పెన్సిల్, జుట్టు నిండా తెల్ల పొడి. వెంట ఇద్దరు తోటి పనివాళ్లు. ఏదో మహల్ సెట్టు విప్పేస్తే మిగిలిన కలప, ప్లైవుడ్ ఆటోట్రాలీలో వచ్చాయి. సెట్టు అంటే ముందు వైపు మాత్రమే ఉంటుందనీ, వెనక సరుగుడు కర్రలు, మేకులు తప్ప ఏమీ ఉండవనీ నాకు తెలుసు. కానీ అతను కింద దుంగలు దగ్గర దగ్గరగా పాతుతున్నాడు. తోటివాడు ఎగతాళి చేశాడు.

"ఏందన్నా, దీని మీద ఏనుగుల్ని ఎక్కిస్తవా ఏంది? రెండు దినాల సెట్టింగుకు గింత కట్టెనా?"

"నా బిడ్డ ఎక్కుతదిరా. నువ్వు మేకు కొట్టు."

ఇంజనీరు చెప్పినట్టే రెండు మలుపులు తిప్పి బండరాయి చుట్టూ తీసుకెళ్లాడు. రాయి కొట్టాల్సిన చోట రాయి మీదుగానే చెక్క వంతెన వేశాడు. పైన ప్లైవుడ్ పరిచి, దాని మీద ప్లాస్టరు పూసి, స్పాంజితో, బ్రష్షుతో బూడిదరంగు, నలుపు, చిన్న చిన్న తెల్ల చుక్కలు చల్లాడు. రెండోరోజు సాయంత్రానికి అది రాతి పలకలు పరిచిన దారి. పట్టుకునే గొట్టాలు ప్లాస్టిక్‌వే గానీ వెండిరంగు వేస్తే స్టీలే అనుకోవాలి. నేను వంగి వేలితో కొట్టి చూసేదాకా నాకే నమ్మకం కలగలేదు. డొల్ల చప్పుడు వచ్చింది. అతను సిగ్గుపడుతూ, "చప్పుడు మాత్రం దాగదు సార్," అన్నాడు.

రంగు ఆరగానే ఆ పిల్లను తెచ్చారు. తల్లి వెనక నుంచి తోయబోతే పిల్ల ఆమె చేయి తోసేసింది. రెండు చేతులతో చక్రాలు తిప్పుకుంటూ, నాలుక కొరుక్కుంటూ, మలుపు దగ్గర ఆగి రొప్పుతూ, మళ్లీ తిప్పుతూ పైకి పోయింది. పైన గుమ్మంలో కుర్చీ మళ్లించి మా అందరినీ పై నుంచి చూసింది. ఆ పిల్ల ఎప్పుడూ మనుషుల్ని కింద నుంచే చూసి ఉంటుంది.

"తాతా, ఉరికి రా! పోటీ!" అని అరిచింది. నేను మెట్ల మీదుగా ఎక్కాను. మోకాళ్లు పట్టేసి సగంలో ఆగాను. అందరూ నవ్వారు. నా ఉద్యోగ జీవితంలో అంత మంచి సాయంత్రం మరొకటి లేదు. ఆ మాట రాస్తున్నందుకు కూడా ఇప్పుడు కష్టంగానే ఉంది.

మేడమ్ వచ్చిన రోజు చెబుతాను. పూలదండలు, షామియానా, నలుగురైదుగురు ఫొటోలు తీసేవాళ్లు. పిల్లలంతా ఆ దారినే కుర్చీల్లో పైకి వెళ్లారు. మా పిల్ల అందరికన్నా ముందు. మేడమ్ కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. చెడ్డ మనిషి కాదు. పట్టుకునే గొట్టం నిమిరి, వంగి ఆ రాతి పలకల్ని చూసి, పక్కన నిలబడ్డ మనిషిని అడిగింది. ఆ మనిషి ఆ పిల్ల తండ్రి.

"మీరు ఇక్కడివారేనా? బాగుందా ర్యాంప్? ఇది గ్రానైటేనా?"

అతను ఒక్క మాట అంటే చాలు. ‘చెక్కమ్మా’ అంటే చాలు. నేను కాస్త దూరంలో మనుషుల వెనక ఉన్నాను. మా సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. అతను మాత్రం మేడమ్ ముఖం చూసి, తన పని చూసి, ఇంత వెడల్పున నవ్వి, చేతులు జోడించాడు. అంతే. మేడమ్ అతని భుజం తట్టి ముందుకు కదిలింది. ఫొటో పడింది.

అందరూ వెళ్లాక నిలదీశాను. "ఎందుకు చెప్పలేదయ్యా? నీ బిడ్డదే గదా ర్యాంపు!"

అతను ఆశ్చర్యంగా చూశాడు. "కెమెరాలు నడుస్తున్నయి గదా సార్. షాట్ నడుస్తుంటే సెట్టింగోళ్లు నోరిప్పరు. మేకు ఊడినా గట్లనే చేత్తో పట్టుకొని నిలవడుతం. కట్ అన్నంకనే చెప్పుకునుడు." ఆపై కొంచెం గర్వంగా కూడా అన్నాడు. "గ్రానైట్ అన్నది సార్ ఆమె. విన్నరు గదా? మా ఆర్ట్ డైరెక్టర్ గూడ గంత మాట ఎన్నడనలే."

ఇరవై ఏళ్లుగా అదే అతని వృత్తి ధర్మం. మా లోకంలో కట్ చెప్పేవాడు ఉండడని అతనికెలా తెలుస్తుంది? షాట్ అయిపోతే సెట్టు విప్పేస్తారని అతని నమ్మకం. మా దగ్గర షాటే శాశ్వతం.

అదే జరిగింది. ఫొటో పైకి వెళ్లింది. ఫిర్యాదుకు ఆకుపచ్చ గుర్తు పడింది. నెల తిరక్కుండా ఇంజనీరు పెట్టిన అంచనా వెనక్కి వచ్చింది, ఆ స్థలంలో ఇప్పటికే మంచి ర్యాంపు ఉన్నందున కొత్తది అవసరం లేదని. నేను ఉన్న సంగతంతా రాసి పైకి పంపాను. ఫొటో చూడండి అని జవాబొచ్చింది. మా సారు తన మాట మరిచిపోలేదు, పాపం. రెండుసార్లు పైవాళ్లను అడిగాడు. మూడోసారి అడిగితే, మరి ఆ రోజు మేడమ్‌కు చూపించిందేమిటని వాళ్లు అడుగుతారు. అందుకని అడగలేదు. తర్వాత బదిలీ అయి వెళ్లిపోయాడు.

వానలు మొదలయ్యాయి. ప్లాస్టరు పెచ్చులూడింది, ప్లైవుడ్ ఉబ్బింది. తండ్రి పని నుంచి వస్తూ వస్తూ ఏ సెట్టు దగ్గరో మిగిలిన ముక్క పట్టుకొచ్చి అతుకు వేసేవాడు, రంగు కలిపేవాడు. అతుకు ఎక్కడుందో మీరు కనిపెట్టలేరు. ఫిర్యాదు మీద ఎవరైనా తనిఖీకి వస్తే మెరిసిపోతున్న రాతి దారి కనిపించేది. ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. అతను బాగుచేసిన కొద్దీ అసలుది దూరమవుతోంది.

చివరికి ఒకరోజు మొగుడూ పెళ్లాలిద్దరూ నా కౌంటరు దగ్గరే పోట్లాడుకున్నారు. ఇంజనీరు కూడా అక్కడే ఉన్నాడు. ఉన్నది బాగున్నంత కాలం కొత్తది రాదని, రూల్ అట్లా ఉందని, నీళ్లు నములుతూ చెప్పాడు. తల్లి మొగుడి వైపు తిరిగింది.

"విన్నవా? ఇగ అతుకులు బంద్ చెయ్యి. కూలనియ్యి దాన్ని. కూలితేనే కడతరు."

"బంద్ చేస్తే రేపు పిల్ల ఎట్ల పోవాలె?"

"నేను మోస్త. ఇన్నేండ్లు ఎవ్వలు మోసిండ్రు, నీ ఏనుగు బొమ్మలా?"

"నీ నడుము చూసుకున్నవా?"

"నా నడుము ఫికర్ నీకెందుకు? నువ్వు రంగు ఏసుకుంటనే ఉండు. సినిమా కాదు ఇది, సంసారం!"

అతను మర్నాటి నుంచి అతుకు వేయడం మానేశాడు. ఆ దారిన పోతూ పెచ్చులూడిన చోటు చూసి తల తిప్పుకునేవాడట. తన పని తన కళ్ల ముందు పాడవుతుంటే చూడటం ఎంత కష్టమో చేతిపని చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఒక వాన తర్వాత వేరే పిల్లవాడి కుర్చీ చక్రం ప్లైవుడ్‌లోకి దిగబడింది. టీచరమ్మ పట్టుకోబట్టి సరిపోయింది. తల్లులంతా కలిసి వచ్చారు. ర్యాంపు కూలిపోతోంది, కొత్తది కట్టండి అని కొత్త ఫిర్యాదు రాశాను. ఈసారి ఎవరూ కాదనలేరని వాళ్లందరితో పాటు నేనూ అనుకున్నాను.

కూలిపోతోంది అన్న మాటను పట్టుకుని ఆ ఫిర్యాదు ఇంజనీర్ల దగ్గరికి కాక, ప్రమాదకర కట్టడాలు తొలగించే వాళ్ల దగ్గరికి వెళ్లింది. మా ఆఫీసు మొత్తంలో చెప్పిన టైముకు కదిలేది వాళ్లొక్కరే. కట్టడానికి అంచనా కావాలి, అనుమతి కావాలి, పైవాళ్ల సంతకం కావాలి. పడగొట్టడానికి ఒక లారీ చాలు. మర్నాడు పొద్దున కేంద్రం తెరిచే వేళకు చెక్కలన్నీ లారీ మీద ఉన్నాయి.

టీచరమ్మ ఫోన్ చేస్తే పరిగెత్తాను. నేను వెళ్లేసరికి ఆ బండరాయి, ఆ మెట్లు, వాటి పక్కన కాస్త తెల్లపొడి మిగిలాయి. లారీవాడి చేతిలో ఫోను. తొలగించిన చోటు ఫొటో తీస్తున్నాడు. ఇద్దరో ముగ్గురో తల్లులు పిల్లల్ని చంకనేసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు.

మా పిల్ల కుర్చీ మెట్ల ముందు ఆగి ఉంది. తల్లి కుర్చీకి వీపు పెట్టి గొంతుక్కూర్చుంది.

"రా బిడ్డా, మెడ పట్టుకో. టైమయితుంది."

పిల్ల కదల్లేదు. రెండు చక్రాలనూ రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఎక్కవే. కొత్తది కట్టేదాంక అంతే."

"నేనెక్క."

"నీ యవ్వ, సతాయించకు. మా మంచి బిడ్డవు గదా."

"నన్నెత్తుకోకు. అందరు చూస్తరు. నేనే పోత."

"ఏడికెల్లి పోతవే? ఏడుంది?"

పిల్ల ఆ బండరాయిని చూసింది. తర్వాత నన్ను చూసింది. తల్లి అలా వంగే ఉంది, వీపు మీద ఏ బరువూ లేకుండా. లేవడానికి నేల మీద చేయి ఊనాల్సి వచ్చింది.

ర్యాంపు లేనప్పుడు ఆ పిల్ల తల్లి చంకన వచ్చింది, ఏ గొడవా లేకుండా. ఇంకో ఏడాదో రెండేళ్లో అలాగే వచ్చేదేమో. ఈలోపు నాలుగు అక్షరాలు ఎక్కువ వచ్చేవేమో, కాళ్లు అంతగా బిగుసుకుపోయేవి కావేమో. మేమే ఆ పిల్లకు ఒక దారి చూపించాం, తన చేతులతో తాను పైకి వెళ్లడమంటే ఏమిటో చూపించాం. చూపించి లారీలో ఎక్కించుకుపోయాం. అసలేమీ చేయకుండా ఉండి ఉంటే ఇంతకన్నా మేలు చేసినవాళ్లమయ్యేవాళ్లం. ఒక ఆఫీసు గురించి ఇంతకన్నా చెడ్డమాట నాకు తెలియదు.

నేను రిటైరయ్యేదాకా ఆ ఫిర్యాదును మళ్లీ మళ్లీ రాశాను. నిరుడు వాళ్లు రహమత్ నగర్‌లో మెట్లెక్కే పని లేని కిందింటికి కిరాయికి మారారని విన్నాను. పిల్ల ఆ తర్వాత ఏ కేంద్రానికీ పోలేదు. కొత్తగా చేరే మీకు ఆ సీట్లో ఎన్నో కాగితాలు వస్తాయి. వాటిని ఆకుపచ్చ చేసే ముందు ఒకసారి లేచి, ఆ చోటుకు వెళ్లి, వేలితో కొట్టి చూడండి.

ఆ పొద్దుటి సంగతి పూర్తిచేస్తాను. పిల్ల తనే కుర్చీ మళ్లించుకుంది. అక్కడి నుంచి వాళ్లింటికి గల్లీ పల్లంగా ఉంటుంది. అప్పటికే తండ్రి వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు. కుర్చీ జారుతుందేమోనని వెనక నుంచి పిడి పట్టుకోబోయాడు.

"ముట్టకు నాయినా," అంది పిల్ల.

అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆ పిల్ల చక్రాలను అరచేతులతో ఆపుకుంటూ, ఆపుకుంటూ పల్లంలోకి దిగిపోయింది. అతను రెండు చేతులూ కొంచెం ముందుకు చాచి, పట్టుకోకుండా, వెనకే నడిచాడు.